థీమ్ పార్కులో రైడ్లు ముందే బుక్ చేసుకోవడం ఎలా? ఒక్క గంట తేడాతో నేను చేసిన తప్పు

గవర్నర్‌పేట నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల గోల వినిపిస్తే ఏమీ అనుకోకండి. కింద బీసెంట్ రోడ్డు, సాయంత్రం బేరాల టైం. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే గోల. గోలే నయం అనుకుని తీశాను.

ఈ రోజు టాపిక్ చాలామంది కామెంట్లలో అడిగిందే. థీమ్ పార్కుకి వెళ్లేటప్పుడు రైడ్లు ముందే రిజర్వ్ చేసుకోవాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి? అమెరికాలో ఉన్న అక్క దగ్గరికో అన్న దగ్గరికో అమ్మానాన్న వెళ్తున్నారు, డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్తామంటున్నారు, అదేదో లైట్నింగ్ లేన్ అంట, అదేంటి అని. ఇంకొంతమంది, అమెరికా సంగతి తర్వాత, హైదరాబాద్ వండర్‌లాకి వెళ్తున్నాం, దాని సంగతి చెప్పు అన్నారు. రెండూ చెప్తాను.

ముందు ఒక మాట. మన ఇళ్లలో టికెట్లు బుక్ చేసే డ్యూటీ ఎవరిది? మనదే. ఇంట్లో ఫోన్ బాగా వాడేది ఎవరైతే వాళ్లకే ఆ ఉద్యోగం. నాన్న వచ్చి "ఒరేయ్, రైలు చూడు" అంటారు, అమ్మ వచ్చి "తిరుమల టికెట్లు వదిలారేమో చూడు" అంటుంది. మనం నాలుగు నొక్కులు నొక్కి "అయిపోయింది" అంటాం. ఆ "అయిపోయింది" అనే మాట నన్ను పోయిన సంవత్సరం ఎలా దెబ్బ కొట్టిందో కూడా ఈ రోజు చెప్తాను. మా అమ్మ పర్మిషన్ తీసుకునే చెప్తున్నానండి.

ఓకే, అసలు విషయంలోకి వెళ్దాం.

ముందే బుక్ చేయడం అంటే ఏంటి?

తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం తెలుసుగా. కోటా నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. మీరు తేదీ, టైం స్లాట్ ఎంచుకుంటారు. ఆ టైంకి వెళ్తే వేరే లైన్లో పంపిస్తారు. అలాగని లైనే ఉండదని కాదు, సర్వదర్శనం కంటే తక్కువ ఉంటుంది, అంతే. థీమ్ పార్కు రైడ్ రిజర్వేషన్ కూడా అచ్చం ఇదే. ఒక రైడ్‌కి ఒక గంట కిటికీ ఇస్తారు. ఉదాహరణకి 2.10 నుంచి 3.10 వరకు. ఆ గంటలో ఎప్పుడైనా వెళ్లొచ్చు. పక్కనే మామూలు లైన్లో నిలబడ్డవాళ్లు నిలబడే ఉంటారు, మీరు వేరే దారిలో లోపలికి వెళ్తారు.

ఇక్కడ ఒకటి అర్థం చేసుకోండి. బుకింగ్ వల్ల రైడ్‌లో కొత్తగా ఒక్క సీటు కూడా పుట్టదు. ఒక రైడ్ గంటకి వెయ్యిమందిని తిప్పుతుంది అనుకుందాం, లెక్క కోసం చెప్తున్నా. అందులో ఆరొందల సీట్లు బుకింగ్ లైనుకి పోతే మామూలు లైనుకి మిగిలేవి నాలుగొందలే. అంటే ఆ లైను ఇంకా నెమ్మదిగా కదులుతుంది. అందుకే జనం ఎక్కువున్న రోజు బుకింగ్ లేకుండా పెద్ద రైడ్‌కి వెళ్తే కాళ్లు పీకుతాయి. రెండు లైన్లూ ఒకే సీట్లని పంచుకుంటున్నాయి.

డిస్నీ వాళ్లు ఈ పద్ధతిని ఫాస్ట్‌పాస్ అనే పేరుతో 1999లో మొదలుపెట్టారు. అప్పుడు ఫ్రీ. పార్కులోకి వెళ్లాక మెషీన్ దగ్గర కాగితం చీటీ తీసుకోవడమే. తర్వాత ఫ్లోరిడాలో ఫాస్ట్‌పాస్ ప్లస్ వచ్చింది, ఇంట్లో కూర్చునే వారాల ముందు బుక్ చేసుకునేవాళ్లు. అదీ ఫ్రీయే. 2021లో అది పోయి డబ్బులు కట్టే పద్ధతి వచ్చింది. 2024 జూలైలో దానికీ పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్ అని రెండు రకాలు చేశారు. పార్కు టికెట్ వేరు, ఇది వేరు. మనిషికి ఇంత అని కట్టాలి, రేటు రోజుని బట్టి, పార్కుని బట్టి మారుతూ ఉంటుంది. నేను ఇక్కడ ఒక అంకె చెప్తే మీరు వెళ్లేనాటికి అది తప్పవుతుంది, యాప్‌లో చూసుకోండి.

మేము వాడినప్పటి రూల్స్ ఇవి. మల్టీ పాస్ కొంటే ముందుగా మూడు రైడ్లు ఎంచుకోవచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లని రెండు గ్రూపులు చేశారు. బాగా గిరాకీ ఉన్న గ్రూపు నుంచి ఒకటి, రెండో గ్రూపు నుంచి రెండు. అంటే జంగిల్ క్రూజ్, స్పేస్ మౌంటెన్ రెండూ కావాలంటే ముందే రెండూ దొరకవు, ఒకటే. పార్కులోకి వెళ్లి మొదటి బుకింగ్ వాడేశాక ఇంకోటి తీసుకోవచ్చు, అలా ఒకటి వాడితే ఒకటి. ట్రాన్ లాంటి ఒకటి రెండు పెద్ద రైడ్లు ఇందులో రావు, వాటికి విడిగా సింగిల్ పాస్ కొనాలి.

ఇంక ఎప్పుడు తెరుస్తారు? డిస్నీ హోటల్లో దిగినవాళ్లకి ఏడు రోజుల ముందు. బయట దిగినవాళ్లకి మూడు రోజుల ముందు. రెండింటికీ అక్కడి టైం ప్రకారం పొద్దున్న 7 గంటలకి. మన తత్కాల్ ఏసీకి 10 గంటలకి, నాన్ ఏసీకి 11 గంటలకి తెరుచుకున్నట్టే. రైల్వేవాళ్ల తత్కాల్ నేర్పిన క్రమశిక్షణ ఎక్కడికెళ్లినా పనికొస్తుందండి.

మరి నేనేం చేశాను?

మా అక్కావాళ్లు ఉండేది అట్లాంటాలో. అక్కడి నుంచి ఆర్లాండో కార్లో దాదాపు 700 కిలోమీటర్లు. 2025 మార్చి 13, గురువారం, మ్యాజిక్ కింగ్‌డమ్ అని ప్లాన్. అమ్మ, నాన్న, అక్క, బావ, ఐదేళ్ల మేనల్లుడు. బయట హోటల్. అంటే బుకింగ్ మూడు రోజుల ముందు, మార్చి 10, సోమవారం పొద్దున్న 7 గంటలకి. అక్క ఆస్పత్రిలో పనిచేస్తుంది, ఆరున్నరకే డ్యూటీ ఎక్కుతుంది, ఫోన్ ముట్టుకోవడానికి లేదు. బావ ఆ టైంకి డ్రైవింగ్‌లో ఉంటాడు. అందుకని అక్క నాతో, "నువ్వు చేసిపెట్టరా, నీకు ఇవన్నీ అలవాటేగా" అంది. ఆవిడ పాత ఫోన్ ఒకటి ఇక్కడే వదిలి వెళ్లింది. అందులో యాప్ ఉంది, కార్డు సేవ్ చేసి ఉంది. వైఫై పెడితే చాలు.

నేను జనవరిలోనే ఒకసారి టైం లెక్క వేసుకున్నాను. అక్కడ పొద్దున్న 7 అంటే మనకి సాయంత్రం 5.30. గోడ మీద క్యాలెండర్‌లో మార్చి 10 దగ్గర పెన్నుతో రాసి పెట్టా, సా. 5.30 అని. ఆ పాత ఫోన్ అమెరికా టైం చూపిస్తుంటే తికమకగా ఉందని దాన్ని ఇండియా టైంకి మార్చేశాను కూడా. తెలివి అంటే అది!

సోమవారం నాలుగున్నరకి నేను కింద టీ తాగుతున్నాను. నింపాదిగా పైకి వచ్చి, ఐదుంపావుకే యాప్ తెరిచి కూర్చున్నా. చూస్తే బుకింగ్ ఆల్రెడీ ఓపెన్ అయి ఉంది. ఇదేంటి, తొందరగా వదిలారా అనుకున్నా. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుతారు. 2025లో అది మార్చి 9. సరిగ్గా నిన్న. ఆ రోజు నుంచి అక్కడ 7 అంటే మనకి 4.30. మళ్లీ నవంబర్ మొదటి ఆదివారం నుంచి 5.30. అక్క "ఏడింటికిరా" అంది, నేను "ఐదున్నరకి కదా" అని నాలో నేనే అనుకున్నా. ఇద్దరం కరెక్టే చెప్పుకున్నాం, కానీ ఎవరి గడియారం వాళ్లది.

అప్పటికే ముప్పావు గంట లేటు. అమ్మ కోసం అనుకున్నది జంగిల్ క్రూజ్. పడవలో కూర్చుని వెళ్లేది, కుదుపులు ఉండవు. దానికి రాత్రి ఎనిమిది దాటాక స్లాట్లు మాత్రమే ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి. స్క్రీన్ మీద అదే గ్రూపులో ఇంకో రైడ్, మధ్యాహ్నం 1.15కి పచ్చగా కనిపించింది. చిన్నపిల్లలు కూడా ఎక్కేదే, భయపెట్టేది కాదు. ఎత్తు నిబంధన లేదు. నొక్కేశాను. మిగతా రెండూ నొక్కేశాను. అక్కకి మెసేజ్ పెట్టాను, "అయిపోయింది" అని.

ఆ రైడ్ పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. దాని పేజీలోనే స్పష్టంగా రాసి ఉంది, ఎక్కే చోట నేల కదులుతూ ఉంటుందని. ఎయిర్‌పోర్టులో బెల్ట్ మీద నడుస్తాం చూడండి, అలాంటిది. బెల్ట్ కదులుతుంది, పక్కనే బండి కదులుతుంది, మనం అడుగేసి కూర్చోవాలి. నాకు, మీకు అది విషయమే కాదు. మా అమ్మకి కుడి మోకాలు అరిగింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగుతుంది. అది నాకు తెలుసు. రోజూ చూస్తున్నా. కానీ బుక్ చేసేటప్పుడు నేను చూసింది టైం ఒక్కటే.

గురువారం అక్కడ ఏం జరిగిందంటే, లైనంతా దాటి లోపలికి వెళ్లారు. బెల్ట్ దగ్గరికి వచ్చాక అమ్మ ఆగిపోయింది. వెనకాల జనం. మేనల్లుడు అప్పటికే అక్క చెయ్యి పట్టుకుని ఎక్కేశాడు. అమ్మ నాన్నతో "మీరు వెళ్లండి, వాడు భయపడతాడు, నేను బయట ఉంటా" అని వెనక్కి తిరిగింది. అక్కడ పనిచేసే అమ్మాయి మర్యాదగానే వేరే దారిలో బయటికి పంపించింది. అయితే ఆ దారి తేలింది ఎంట్రన్స్ వైపు. వీళ్లు రైడ్ దిగి వచ్చింది ఇంకోవైపు. అమ్మ చేతిలో ఫోన్ ఉంది, అందులో నెట్ లేదు. వైఫై కలుపుకోవడం ఆవిడకి రాదు. నలభై నిమిషాలు, పిల్లల బండ్లు పార్క్ చేసేచోట, ఎండలో నిలబడింది. చివరికి ఎవరో పక్కన తెలుగు మాట్లాడుతుంటే "అమ్మాయ్, తెలుగువాళ్లా?" అని అడిగిందంట. ఆ అమ్మాయిది గుంటూరు. తన ఫోన్ నుంచి అక్కకి ఫోన్ చేయించింది.

నాకు ఇక్కడ రాత్రి పన్నెండు దాటింది. అమ్మ వీడియో కాల్లో నవ్వుతూనే ఉంది. "ఏమీ కాలేదురా, ఊరికే నిలబడ్డా అంతే" అంది. తర్వాత ఒక మాట అడిగింది. "బుక్ చేసేముందు ఒకసారి నన్ను అడిగితే చెప్పేదాన్ని కదరా, నాకు పడవ చాలని." అంతే, కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

సరే. దీన్నుంచి నేను నేర్చుకున్న పద్ధతి ఇప్పుడు చెప్తాను. ఇంట్లో ఎవరికి బుక్ చేసినా ఇది వాడండి.

మొదటిది: రైడ్ల లిస్టు కంటే ముందు మనుషుల లిస్టు

ఒక కాగితం తీసుకుని ఎవరెవరు వస్తున్నారో రాయండి. ఒక్కొక్కరి పక్కన మూడే విషయాలు. ఎంతసేపు నిలబడగలరు? ఎత్తు ఎంత? ఎన్నింటికి అలిసిపోతారు? మా మేనల్లుడు 107 సెంటీమీటర్లు. ఏడు మరుగుజ్జుల మైన్ ట్రెయిన్‌కి 97 ఉంటే చాలు, కాబట్టి ఎక్కొచ్చు. స్పేస్ మౌంటెన్‌కి 112, ట్రాన్‌కి 122, ఎక్కనివ్వరు. ఇది ఇంట్లోనే కొలుచుకోండి. గేటు దగ్గర కర్ర పక్కన నిలబెట్టాక పిల్లాడి మొహం మీరు చూడలేరు. పిల్లాడికి ఎత్తు చాలకపోతే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పిల్లాడి దగ్గర ఉంటారు, ఇంకొకరు ఎక్కి వస్తారు, తర్వాత మొదటివాళ్లు మళ్లీ మొత్తం లైను నిలబడకుండా వెళ్తారు.

రెండోది: భయం గురించి కాదు, ఎక్కడం గురించి చదవండి

మనం ఎప్పుడూ "భయంగా ఉంటుందా?" అని అడుగుతాం. పెద్దవాళ్లకి అసలు ప్రశ్న అది కాదు. ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి? కదిలే బెల్టా? పడవలోకి కిందికి అడుగెయ్యాలా? మెట్లున్నాయా? ప్రతి రైడ్ పేజీలో ఇది రాసి ఉంటుంది. కదిలే బెల్ట్ ఉన్న రైడ్లు కొన్నింటిలో ముందే చెప్తే బెల్ట్ నెమ్మది చేస్తారు, కొన్నింటిలో కుదరదు. ఎక్కువ నడవలేనివాళ్లకి పార్కులో వీల్‌చైర్ అద్దెకి దొరుకుతుంది. మన పెద్దవాళ్లు వీల్‌చైర్ అంటే "నాకేమైంది" అంటారు. "నాకు బ్యాగులు పెట్టుకోవడానికి" అని చెప్పి తీసుకోండి. మధ్యాహ్నం మూడింటికి వాళ్లే కూర్చుంటారు.

మూడోది: టైం రాసేటప్పుడు ఊరి పేరు కూడా రాయండి

"7 గంటలకి" అని రాయకండి. "ఆర్లాండో పొద్దున్న 7, విజయవాడ సాయంత్రం 4.30" అని రెండూ రాయండి. ముందురోజు ఫోన్లో వరల్డ్ క్లాక్ తెరిచి ఇంకోసారి చూడండి. లెక్క నెలల ముందు వేసుకుంటే మధ్యలో గడియారం మారొచ్చు. నాలాగా గోడ మీద క్యాలెండర్‌ని నమ్మకండి.

నాలుగోది: మొదటి స్లాట్ గేటు తెరిచే టైంకి పెట్టొద్దు

మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారు పార్కింగ్ నుంచి నేరుగా నడిచి వెళ్లిపోవడం ఉండదు. కారు పెట్టి, బ్యాగుల చెకింగ్ దాటి, ఫెర్రీ పడవో మోనోరైలో ఎక్కి చెరువు అవతలికి వెళ్లాలి. తర్వాత గేటు. ఐదుగురు మనుషులు, ఒక చిన్నపిల్లాడు, ఒక బాత్రూమ్ బ్రేకు. గంట తేలిగ్గా పోతుంది. మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీగా వదిలేయండి. భోజనం, నీడ, కూర్చోవడం. ఆ ఖాళీ మీ ప్లాన్లో దండగ కాదు, అది కూడా ఒక రైడే అనుకోండి.

ఐదోది: దొరకలేదని కంగారుపడి ఏదో ఒకటి నొక్కొద్దు

ఇదే నేను చేసిన అసలు తప్పు. గంట లేటవడం చిన్న తప్పు. కంగారులో మనిషికి సరిపోని రైడ్ పట్టుకోవడం పెద్ద తప్పు. నిజానికి స్లాట్లు మారుతూనే ఉంటాయి. జనం ప్లాన్లు మార్చుకుంటారు, వదిలేసిన టైములు మళ్లీ కనిపిస్తాయి. వెయిటింగ్ లిస్ట్ 14 ఉన్న టికెట్ పొద్దున్నకి కన్ఫర్మ్ అయినట్టు. రాత్రి ఎనిమిది స్లాట్ ముందు పట్టుకుని, ఆ మూడు రోజుల్లో అప్పుడప్పుడు తెరిచి ముందుకి జరుపుకునే ప్రయత్నం చేసుండాల్సింది. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరక్కపోతే రాత్రి ఎనిమిదికే వెళ్లేవాళ్లం. పోయేదేముంది?

ఆరోది: తప్పిపోతే ఎక్కడ కలవాలి?

గేటు దాటగానే ఒక చోటు చూపించి "ఎవరు తప్పిపోయినా ఇక్కడికే" అని చెప్పండి. పెద్దవాళ్ల ఫోన్లో లోకల్ సిమ్ కానీ ఇసిమ్ కానీ వెయ్యండి. అది కుదరకపోతే ఒక చీటీ మీద మీ నంబర్ రాసి అమ్మ పర్సులో పెట్టండి. గుంటూరు అమ్మాయి ప్రతిసారీ పక్కనే ఉండదు.

మరి హైదరాబాద్ సంగతి?

వండర్‌లా హైదరాబాద్ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. మనకి విజయవాడ నుంచి ఇంకో సుఖం ఉంది, సిటీలోకి వెళ్లే పనే లేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే రావిర్యాల దగ్గర దిగిపోవచ్చు.

అక్కడ డిస్నీలాగా రైడ్‌కో టైం స్లాట్ ఉండదు. మామూలు టికెట్ ఉంటుంది, దానికంటే రేటు ఎక్కువుండే ఫాస్ట్‌ట్రాక్ ఉంటుంది. ఫాస్ట్‌ట్రాక్ అంటే వేరే లైను. అది కొనాలా వద్దా అనేది మీరు వెళ్లే రోజుని బట్టి. స్కూళ్లు నడుస్తున్న మామూలు మంగళవారం వెళ్తే నా ఉద్దేశంలో అక్కర్లేదు. సంక్రాంతి, దసరా సెలవుల్లో, వేసవి ఆదివారాల్లో వెళ్తే ఆలోచించండి. పొద్దున్న గేటు దగ్గర ముందుండి, రికాయిల్ లాంటి పెద్ద కోస్టర్ మొదట పూర్తి చేసుకోండి. నీళ్ల రైడ్లు మధ్యాహ్నానికి ఉంచుకోండి. నీళ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ బట్టలు ఇంటి దగ్గరే సర్దుకోండి. అక్కడ కూడా పద్ధతి అదే, రైడ్ల లిస్టు కంటే ముందు మనుషుల లిస్టు.

చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మొన్న మళ్లీ మా ఇంట్లో ప్రోగ్రాం పెట్టారు. ఈసారి హైదరాబాదే. ఫోన్ తీసి నేరుగా టికెట్లు నొక్కబోయి ఆగాను. వంటింట్లోకి వెళ్లి "అమ్మా, నీకేం కావాలి?" అని అడిగాను. పప్పు తాలింపు వేస్తూ వెనక్కి చూడకుండానే అంది, "ముందు కూర్చోవడానికి నీడ ఎక్కడుందో చూడరా. మిగతావి మీ ఇష్టం."

చూశాను. తర్వాతే బుక్ చేశాను.

మీ ఇంట్లో బుకింగ్ డ్యూటీ మీదే అయితే, ఈ రోజు ఒక్క పని చెయ్యండి. ఎవరి కోసం బుక్ చేస్తున్నారో వాళ్లని ఒక ప్రశ్న అడగండి. వాళ్లేం చెప్పారో కింద కామెంట్లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.